మూత పట్టని డబ్బా

మా వంటింట్లో ఒక స్టీలు డబ్బా ఉంది. దాని మూత సరిగ్గా పట్టదు. ఒకవైపు నొక్కితే రెండోవైపు లేస్తుంది. రెండోవైపు కూడా నొక్కితే మొత్తం ఊడి కిందపడి, పక్కింటివాళ్ళు ఏమైందని అడిగేంత చప్పుడు చేస్తుంది. అందులో ఉప్పు పోస్తే నీరవుతుంది, చక్కెర పోస్తే చీమలకు మా చిరునామా తెలిసిపోతుంది. ముప్పై ఏళ్ళుగా నేను ఆ డబ్బాను తిడుతూనే ఉన్నాను. ఇల్లు మారిన ప్రతిసారీ పాత సామాన్లవాడి తక్కెట్లో పెడతాను, వాడు తూకం వేసేలోపే తీసుకుని లోపలికి వచ్చేస్తాను. అది నాకు బహుమతిగా వచ్చిన డబ్బా. జీవితంలో నేను గెలుచుకున్న మొట్టమొదటి బహుమతి. ఆ తర్వాత బహుమతులు ఇచ్చేవాళ్ళు నా విషయంలో జాగ్రత్తపడ్డారు.

నా చిన్నప్పుడు మేము మిర్యాలగూడలో, రైసు మిల్లుల వెనక వీధిలో ఉండేవాళ్ళం. మిల్లుల ఊక బూడిద గాలికి వచ్చి ఆరేసిన బట్టల మీద వాలేది కనుక మా వీధిలో తెల్ల చొక్కా తెల్లగా ఉండేది ఉదయం పూట మాత్రమే. మా తాతయ్య సాగర్ ఎడమ కాలువ మీద లష్కర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. లష్కర్ అంటే తుపాకీ పట్టిన మనిషి అనుకునేరు. కాలువ తూముల తలుపులు ఎత్తుతూ దించుతూ, ఏ ఊరి పొలాలకు ఏ రోజు ఏ వేళకు నీళ్ళు పోవాలో చూసే మనిషి. ఆయన చేతిలో ఉండేదల్లా తూము తిప్పే ఇనుప చువ్వ ఒక్కటే. అయినా పది ఊళ్ళ పెద్దమనుషులు ఆయన కనబడితే సైకిలు దిగేవారట. వంతు రాకముందు ఎవరు వచ్చి అడిగినా ఆయన నీళ్ళు వదిలేవాడు కాదు. వంతు వచ్చాక ఎవరూ అడగకపోయినా వదిలేవాడు. రైతు పెళ్ళికి పోయి ఊళ్ళో లేకపోయినా సరే, వాడి మడి తడవాల్సిందే. వాళ్ళు అడిగాక ఇవ్వొచ్చు కదా అంటే, “అడిగిందాంక ఆగుతందుకు నేనేమన్న షావుకారునా?” అనేవాడు.

మా నాయనమ్మది కాలువ చివర ఊరు, హుజూర్‌నగర్ అవతల. నీళ్ళు కాగితం మీద ఏటా వచ్చే ఊరు. పైన ఉన్నవాళ్ళు తాగగా మిగిలి, దారి కూడా గుర్తుంటే, వీళ్ళ పొలాల దాకా వచ్చేవి. కాలువ రాకముందు వాన కోసం, వచ్చాక వంతు కోసం ఎదురుచూసే ఊళ్ళో పుట్టిన మనిషికి ఏదైనా రేపు మళ్ళీ వస్తుందంటే నమ్మకం కుదరదు. మా నాయనమ్మ విత్తనాలు దాచేది, చింతపండు దాచేది, అరిగిపోయిన సబ్బుముక్కలు దాచేది. కొత్త చీర వచ్చే పండక్కని దాచి, ఆ పండగ వచ్చాక దానికంటే మంచి పండగ కోసం మళ్ళీ దాచేది. ఎందుకే అంటే, “ఆపతికి ఉండాలె” అనేది. కాలువ మొదట్లో మనిషికీ చివర్లో మనిషికీ ముడిపెడితే కాపురం ఎలా ఉంటుందని మీకు అనుమానం రావచ్చు. నలభై ఏళ్ళు బాగానే నడిచింది. ఆయన వదిలేవాడు, ఆమె కట్ట వేసేది.

తొంభైల మొదట్లో, నాకు పదకొండేళ్ళు ఉన్నప్పుడు, తాతయ్యకు దవడ కింద గడ్డ లేచింది. హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకెళ్ళారు, కరెంటు పెట్టించారు, అంటే రేడియేషన్, నెలల తరబడి తిరిగారు. చివరికి డాక్టర్లు ఇంక చేయగలిగింది లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అయితే వట్టి చేతులతో పంపలేదు. నొప్పికి చిన్న చిన్న తెల్లటి గోలీలు ఇచ్చారు. అవి మా ఊళ్ళోనే కాదు, ఇటు కోదాడలో అటు సూర్యాపేటలో ఏ మందుల షాపులోనూ దొరకవు. ఆ దవాఖానలోనే సంతకం పెట్టించుకుని ఇస్తారు, మిగిలితే తెచ్చి మళ్ళీ అప్పజెప్పాలి. మా బాబాయి వాటిని బనీను లోపల పెట్టుకుని, బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా కునుకు తీయకుండా తెచ్చాడు.

డాక్టరు చెప్పింది చాలా సులువు. పొద్దున ఆరుకు ఒకటి, పదికి ఒకటి, మధ్యాహ్నం రెండుకు ఒకటి, సాయంత్రం ఆరుకు ఒకటి, పడుకునే ముందు పదికి రెండు. నొప్పి ఉన్నా లేకపోయినా, అడిగినా అడగకపోయినా వేళకు వేయాలి. దానితోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు. బాబాయి ఇదంతా క్యాలెండరు వెనకవైపు పెద్ద అక్షరాలతో రాసి గోడకు తగిలించి, సూర్యాపేటలో తన ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. మాకు తిథులు చూసుకోవాలి కనుక క్యాలెండరును ముందువైపుకే తిప్పి ఉంచాం. డాక్టరు మాట గోడ చదువుకుంది.

అయినా మొదటి వారం అమ్మ గుర్తుపెట్టుకుని వేసింది. రెండు రోజులు తాతయ్య మగతగా పడుకున్నాడు. మూడో రోజు లేచి కూర్చున్నాడు. స్కూలు నుంచి రాగానే నాతో అష్టాచెమ్మా ఆడేవాడు. గవ్వలు ఆయన వేస్తే ఎప్పుడూ చెమ్మానే పడేది. అది అదృష్టం కాదని, తొండి అని నాకు తెలుసు. ఆయనకు తెలుసని కూడా నాకు తెలుసు.

సరిగ్గా అప్పుడే మా స్కూల్లో వక్తృత్వ పోటీ పెట్టారు. అంశం మాదకద్రవ్యాలు, వాటి దుష్ఫలితాలు. మా వీధికి తెలిసిన మత్తు కల్లు ఒక్కటే, దాని ఊసు ఆ అంశంలో లేదు. తెలుగు టీచరు రాసిచ్చిన కాగితంలో ‘నల్లమందు, గంజాయి, మార్ఫిన్, హెరాయిన్ మొదలగునవి’ అని ఉంది. ఆ నాలుగూ ఏమిటో నాకు తెలియదు, మొదలగునవి అసలే తెలియవు. తెలియనివాటి గురించి మాట్లాడేటప్పుడు గొంతు ఎంత బలంగా వస్తుందో ఆ రోజే కనిపెట్టాను. ‘ఒక్కసారి రుచి చూసినవాడు జీవచ్ఛవమే’ అన్నచోట చెయ్యి ఎత్తి, కాసేపు ఆగి, అందరినీ ఒకసారి చూశాను. మా హెడ్మాస్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. డబ్బా నాదైంది.

ఇంటికి వచ్చి నాయనమ్మకూ, చాటలు పట్టుకుని మా అరుగు మీద చేరిన ఆడవాళ్ళకూ అదంతా మళ్ళీ చెప్పాను. వాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. గెలుపు కూడా ఆ జాబితాలో చేర్చవలసిన పదార్థమేనని తర్వాత తెలిసింది. ఆ ఊపులో మంచినీళ్ళకని లోపలికి వెళ్ళి, గూట్లో ఉన్న గోలీల అట్ట తీసి చూశాను. ఇంగ్లీషు అప్పుడప్పుడే కూడబలుక్కుంటున్న రోజులు. ఒక్కో అక్షరం కలుపుకుంటూ పోయి, చివరికి వచ్చేసరికి కేక పెట్టాను.

“నాయనమ్మా! తాతకు మత్తుమందు పెడ్తున్నరు!”

“ఏందే గా ఒర్రుడు?”

“గిదే! నేను స్పీచుల చెప్పిన మార్ఫిన్ గిదే!”

అరుగు మీద చాటలు ఆగిపోయాయి. “అమ్మో, మరిగిండంటే ఇగ ఇడువడంట గదా” అంది ఒకావిడ. “మా మేనమామ కల్లుకు మరిగి మనిషే పనికిరాకుంట పోయిండు” అంది ఇంకొకావిడ. డాక్టరు వేళకు వేయమన్నాడు కదా అత్తమ్మా అని అమ్మ నెమ్మదిగా అనబోయింది. “డాక్టరుకేం పోయింది, ఆయనకు మొగడా?” అని నాయనమ్మ గోలీల అట్టలన్నీ కొంగులో వేసుకుని లోపలికి వెళ్ళింది. ఇంక తట్టుకోలేక అడిగినప్పుడే ఒకటి ఇద్దామని, మిగతావి ఆపతికి ఉంటాయని తీర్మానం జరిగింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఇంకో పంట చూస్తాడో లేదో అని డాక్టర్లే చెప్పిన మనిషి, చెడు అలవాట్లకు లోనై పాడైపోతాడని మేమంతా బెంగపెట్టుకున్నాం.

మేము లెక్కవేసుకోనిది ఒక్కటే. తాతయ్య అడగడు. ఒకరి చేత అడిగించుకోకుండా పదిహేనేళ్ళు పనిచేసిన మనిషికి అడగడం చేతకాలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజం మీది కండువా నోట్లోకి వెళ్ళింది. నులకమంచం రోజంతా కిర్రు కిర్రుమంటూనే ఉండేది. నేను గవ్వలు తెచ్చి మంచం పక్కన గలగలలాడిస్తే ‘పో బిడ్డా’ అని చెయ్యి ఊపేవాడు. ఆ తర్వాత చెయ్యి ఊపడం కూడా మానేశాడు. నా మీద కోపమొచ్చిందనుకుని నేనూ అలిగాను. నేలమీద గీసిన అష్టాచెమ్మా గళ్ళు ఊడ్చిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా చెరిగిపోయాయి. ఎప్పుడైనా ఆపుకోలేక మూలుగు పైకి వస్తే నాయనమ్మ పరుగెత్తి ఎక్కడి నుంచో ఒక గోలీ తెచ్చేది. అప్పటికి ఒకటి ఏ మూలకూ చాలేది కాదు. “సూసినవా, మింగినా తగ్గుతలే. ఉత్తగ తెచ్చిండ్రు” అనేది. ఇచ్చిన మందు పనిచేయలేదని నిరూపించడానికి అంతకంటే మంచి పద్ధతి నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

అలా పదిరోజులు గడిచాయి. ఆ పదిరోజులూ నా డబ్బా గూట్లో తళతళలాడుతూ ఉంది.

పదకొండో రోజున పక్క వాటాలో అద్దెకుండే నర్సమ్మ తిరిగొచ్చింది. ఆమెది కోదాడ. సర్కారు దవాఖానల్లో నర్సుగా చేసి చేసి రిటైరైంది, అందుకే అందరికీ నర్సమ్మ. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది, మిగతా ఆరు రోజులూ కనబడినవాళ్ళకల్లా చీవాట్లు పెట్టేది. కూతురి కాన్పుకని వెళ్ళి నెల తర్వాత రావడం. వస్తూనే తాతయ్యను చూడటానికి వచ్చి మంచం దగ్గర నిలబడింది. ముఖం చూడలేదు, కండువా అంచు చేతిలోకి తీసుకుని చూసింది. నమిలి నమిలి పోగులు లేచిపోయి ఉంది.

“హైదరాబాదులో మందేమీ ఇవ్వలేదా వదినా?”

“ఇచ్చిండ్రు నర్సమ్మా. గని అది మత్తుమందంట. మా మనుమరాలు గదాని మీద స్పీచు చెప్పి డబ్బ గెల్సుకొచ్చింది.”

“అలాగా! ఏదమ్మాయ్, ఆ స్పీచేదో నేనూ వింటాను.”

నేను తాతయ్య ముందు దాన్ని చెప్పడం అదే మొదటిసారి. నర్సమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని మొత్తం విన్నది. జీవచ్ఛవం దగ్గర అలవాటు ప్రకారం చెయ్యి ఎత్తాను. ఎత్తిన చెయ్యి మంచంవైపే చూపిస్తోందని నాకే కనబడింది. దించేశాను. మిగతా స్పీచు నెమ్మదిగా, కాళ్ళవైపు చూస్తూ పూర్తిచేశాను.

“బాగా చెప్పావు” అంది నర్సమ్మ. “నొప్పి గురించి ఏమన్నా రాసిచ్చిందా మీ టీచరు?”

లేదన్నాను. ఆమె ముక్కాలిపీట లాక్కుని మంచం పక్కన కూర్చుని, ఏదో వీధి కబురు అడిగినట్టుగా తాతయ్యను అడిగింది.

“లష్కర్ గారూ, నాకో సందేహం. కోదాడలో మా అన్నయ్య పొలం ఉంది కదా. నెర్రెలిచ్చిందాకా ఆగి అప్పుడు నీళ్ళు పెడుతున్నాడు. ఎన్ని పెట్టినా చాలట్లేదని ఏడుస్తున్నాడు. ఎందుకంటారు?”

తాతయ్య మాట్లాడి మూడు రోజులైంది. మాట్లాడతాడని మేమెవరం అనుకోలేదు. మంచం కిర్రుమంది. మెల్లగా ఇటు తిరిగాడు.

“ముందుగాల నెర్రె తాగుతది” అన్నాడు. దవడ కదలక మాట ముద్దగా వచ్చింది. “అది నిండిందాంక మొక్కకు సుక్క అందది.”

“మరి తడి ఆరకముందే పెడితేనో?”

“సగం నీళ్ళు సాలు.” కాసేపు ఊపిరి తీసుకుని, “ఎవడా తెలివిలేనోడు?” అన్నాడు.

“మా అన్నయ్య ఒక్కడే కాదులెండి, ఇంకొంతమంది కూడా ఉన్నారు” అని నర్సమ్మ వెనక్కి తిరిగి చూసింది.

వెనక నాయనమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. లేగదూడ కాలు ఇరుక్కునేంత నెర్రెలు వాళ్ళ నాన్న పొలంలో ఏటా చూసిన మనిషి. ఆమెకు ఇంకెవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. లోపలికి వెళ్ళి, కొంచెంసేపటికి నాలుగు అట్టలు తెచ్చి మంచం మీద పెట్టింది. “ఇవేనా, ఇంకా ఉన్నాయా?” అని అడిగింది నర్సమ్మ. “ఇవే” అంది నాయనమ్మ.

నర్సమ్మ గోడమీది క్యాలెండరును వెనక్కి తిప్పింది. “తిథులు పంతులుగారు చూసుకుంటాడు, మీరిది చూసుకోండి” అంది. మత్తు కోసం మింగేవాడి సంగతి వేరనీ, నొప్పికి, చెప్పినంత, వేళకు వేసుకునే మనిషి సంగతి వేరనీ, మళ్ళీ రెండ్రోజులు మగతగా ఉంటే హడలిపోవద్దనీ, విరేచనం మందు మాత్రం ఒక్కపూట కూడా మానొద్దనీ గట్టిగా చెప్పింది. వెళ్తూ వెళ్తూ నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. ఆ పది రోజులకూ నాకు పడిన శిక్ష అదొక్కటే. చాలా తక్కువని నాకు అప్పుడే అనిపించింది.

పొద్దున ఆరుకూ, మధ్యాహ్నం రెండుకూ, రాత్రి పదికీ మిల్లులో షిఫ్టు మారే సైరను మోగేది. అది మోగితే మా ఇంట్లో గోలీ. మిగతా రెండు వేళలకు అమ్మ ఎదురింటి గోడగడియారం చూసి వచ్చేది. రెండోరోజు మధ్యాహ్నం నాయనమ్మ చెంగు జారుతున్నా చూసుకోకుండా పక్క వాటాలోకి పరుగెత్తింది. “నర్సమ్మా, మనిషి కదుల్తలేడు! నిద్రవోతున్నడు!” నర్సమ్మ వచ్చి, భుజం తట్టి పిలిచింది. తాతయ్య కళ్ళు తెరిచి, “పండుకోనియ్యరా ఏంది?” అని కసిరి మళ్ళీ పడుకున్నాడు. పదిరోజుల నిద్ర బాకీ ఉంది కదా వదినా, తీర్చుకోనివ్వండి అని ఆమె వెళ్ళిపోయింది. మా నాయనమ్మ మంచం పక్కన చతికిలబడి, ఆయన ఛాతీ లేవడం దిగడం చూస్తూ సాయంత్రం దాకా కూర్చుంది. ఆ పూట ఏదీ దాచలేదు.

నాలుగోరోజు పొద్దున తాతయ్య అద్దం అడిగాడు. చూసుకుని, ‘గీ ముసలోడెవడు’ అని, గడ్డం గీసే మనిషిని పిలిపించమన్నాడు. మజ్జిగలో మెత్తగా పిసికిన అన్నం నాలుగు ముద్దలు తిన్నాడు. అప్పటి నుంచి సైరను మోగడమే ఆలస్యం, మంచంలోంచి “తూము లేపుండ్రి!” అని కేకేసేవాడు. మేము ముగ్గురం మూడువైపుల నుంచి పరుగెత్తేవాళ్ళం. లష్కర్‌కు రిటైర్మెంటు రద్దయినట్టు ఉండేది.

ఆ సాయంత్రం నన్ను పిలిచి స్పీచు మళ్ళీ చెప్పమన్నాడు. నేను చెప్పనని ఏడ్చాను.

“జెప్పు బిడ్డా. మొన్న సగమే ఇన్న. నొప్పిల చెవులకెక్కలే.”

చెప్పాను. చెయ్యి ఎత్తలేదు. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

“మంచిగుంది. హెడ్మాస్టరు ఏడ్సిండంటే ఏడ్వడా మరి. గని గదంత పోరగాండ్ల ముచ్చట. నాకు ఇగ చెడిపోయే టైము ఏడుంది బిడ్డా?”

నేను ఏడుస్తూనే నవ్వాను. ఆయన గూట్లోకి చూపించి డబ్బా తెమ్మన్నాడు. తెరిచాడు, మూశాడు, మూత లేచింది. ఇంకోసారి నొక్కాడు, ఊడి కిందపడింది. “గిది నాకియ్యి. దీని మూత పట్టది. దాసుకునేటోల్లకు అక్కరకు రాదు” అన్నాడు, నాయనమ్మకు వినబడేలా. ఆమె విననట్టు బియ్యం ఏరుకుంది. ఆ రోజు నుంచి గోలీలు నా బహుమతి డబ్బాలో, ఆయన తలాపున ఉన్నాయి. అట్టలు అయిపోకముందే బాబాయి హైదరాబాదు వెళ్ళి మళ్ళీ తెచ్చేవాడు.

తాతయ్య ఆ తర్వాత నెలన్నర ఉన్నాడు. ఆ నెలన్నరలో నాకు గవ్వలు తొండిగా వేయడం నేర్పాడు. పక్క ఊరి రైతులు చూడటానికి వస్తే వాళ్ళ పొలాలకు ఏ రోజు వంతో చెప్పి ఆశ్చర్యపరిచాడు. నాయనమ్మ దాచిన చీరను కట్టించి చూశాడు. గడ్డ తగ్గలేదు, తగ్గుతుందని ఎవరూ చెప్పలేదు కూడా. కానీ కండువా మళ్ళీ భుజం మీదే ఉంది. చివరి రెండు రోజులు ఎక్కువగా పడుకునే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం రెండింటి సైరను మోగింది. తూము లేపమని ఎవరూ అనలేదు.

నేను డిగ్రీ దాకా చదివాను. స్పీచులు మళ్ళీ చెప్పలేదు. ఎవరైనా చెయ్యి ఎత్తి, గొంతు వణికించి చెబుతుంటే, ఆ చెయ్యి ఏ మంచం వైపు చూపిస్తోందా అని చూస్తాను. మా ఇంట్లో ఎవరు జబ్బుపడినా వేళకు మందు పట్టుకుని వెళ్ళి నిలబడతాను. ‘నేను అడగలేదే’ అంటారు. అడగలేదు కనుకే వచ్చానని చెప్పను, చెబితే చాలా పెద్ద కథ అవుతుంది. ఆ డబ్బాలో ఇప్పుడు కూడా మందులే ఉంటాయి. మూత బాగుచేయించమని అందరూ అంటారు.

ఇంకొక్కటి ఉంది. తాతయ్య పోయిన నెలకు, విత్తనాల వేళకు, నాయనమ్మ పెసల కుండ మూతి విప్పింది. పెసలు చాటలోకి వంచుతుంటే వాటితోపాటు ఒక గుడ్డమూట జారిపడింది. విప్పితే రెండు అట్టలు, ఒక్క గోలీ కూడా తీయనివి. నేను పక్కనే ఉన్నాను. దవాఖానలో అప్పజెప్పడానికి డబ్బాలోవి సర్దుకుంటున్న బాబాయి అవి చూసి, “ఇంక ఇన్ని మిగిలినయా అమ్మా?” అన్నాడు మామూలుగా.

నాయనమ్మ వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

“మిగిలినయంటవేందిరా. గివి మీ నాయన ఓర్సుకున్నయి.”